వేడికి తట్టుకునే రంగు

రెండో పూత అయింది. ఇక గంటసేపు చెయ్యి పెట్టకూడదని డబ్బా మీద రాసి ఉంది. ఆ రాసినవాడెవడో గానీ అక్షరాలు మరీ చిన్నవి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టున్నాయి, ఇలాంటి పని తను చేసి ఉంటే ఏ దుకాణంవాడూ మళ్ళీ గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. బోర్డులు రాసే పెయింటరు బ్రష్షును థిన్నర్‌లో ముంచి, ముక్కాలిపీట ఈడ్చుకుని, ఇనప పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు. గోడ గడియారం మూడు చూపిస్తోంది. నాలుగింటికి భార్య వస్తుంది. ఆ మాట ఆమె చెప్పలేదు, తమ్ముడి చేత చెప్పించింది. "రేపు నాలుగింటికి అక్క వస్తుంది బావా, ఇంట్లో ఉండు," అన్నాడు బావమరిది ఫోనులో, కాస్త ఆగి, "ఆ ఇనప పొయ్యి ఇంకా ఉందా?" అని కూడా అడిగాడు. ఉంది, ఎక్కడికి పోతుంది, అన్నాడు పెయింటరు. ఫోను పెట్టేశాక ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. అక్క వస్తుంది. పొయ్యి ఉందా. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? ఏడు నెలలు తమ్ముడింట్లో, మరదలి మూతివిరుపుల మధ్య, ఒక మూల చాప పరుచుకుని పడి ఉన్న మనిషి తిరిగొస్తూ అడిగే మొదటి మాట అదే కదా, ఇల్లు వెచ్చగా ఉంటుందా అని. నోరు తెరిచి తిన్నగా అడగడానికి అహం అడ్డొచ్చి తమ్ముణ్ణి మధ్యలో పెట్టింది. పోనీ, అడిగింది. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగింది కాబట్టి తనూ పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్ళాడు.

పెరట్లో అది రెండు చలికాలాలూ మధ్యలో ఒక వానాకాలమూ ఉంది. నాలుగు పొట్టి కాళ్ళ మీద నిలబడ్డ ఇనప పెట్టె, ముందు వైపు గడియ తలుపు, పైన గొట్టం దూరే గుండ్రటి కంత, అంతే, కానీ గేదెలా బరువు. చూరు నీళ్ళు సరిగ్గా దాని నడినెత్తిన పడి, పైపలక మధ్య పళ్ళెంలా నీళ్ళు నిలిచి, అక్కడి నుంచి ఎర్రటి చారలు నాలుగు పక్కలా కారి నేలలో ఇంకిపోయాయి. చూరు కింద పెట్టకుండా నాలుగడుగులు అవతల ఉన్న రేకుల కొట్టంలో పెట్టి ఉంటే దానికి ఈ గతి పట్టేది కాదు, నిజమే, కానీ ఆ రోజు నడుం పట్టేసింది గనక అక్కడే దించాడు, అంతకు మించి అందులో ఇంకేం లేదు. ఆ తర్వాత నడుం బాగుపడింది. అప్పుడు జరపొచ్చు. జరపలేదు. ఇలాంటివన్నీ లెక్కలు తీస్తూ కూర్చుంటే మనిషన్నవాడు బతకలేడు.

తుప్పును వైరు బ్రష్షుతో గీకితే చెట్టు బెరడులా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద ఇంకో తుప్పు. దాన్ని ఉప్పుకాగితంతో రుద్దితే ఇటుకపొడి లాంటిది లేచి ముక్కుల్లోకి, కనురెప్పల్లోకి, నాలుక మీదికి వచ్చింది, రక్తం రుచి. ఈ పనిలో తొందరపడకూడదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకు అతను ముప్పై ఏళ్ళుగా చెబుతున్నది ఒకటే, తుప్పు మీద రంగు వెయ్యడమంటే పుండు మీద పట్టుచీర కట్టడం, ఆర్నెల్లకు అదే తోసుకుని బయటికొస్తుంది. అందుకే మూడు గంటలు గీకాడు. వేలి కణుపులు చెక్కుకుపోయాయి. మధ్యలో పక్కింటి మాస్టారు గోడ మీద నుంచి తొంగిచూసి, "ఇప్పుడా బాగుచేయడం?" అన్నాడు. ఆ 'ఇప్పుడా' అనడంలో ఏదో ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు, మా ఆవిడ వస్తోంది ఈ రోజు, అన్నాడు పెయింటరు గట్టిగానే, నాలుగిళ్ళకు వినిపించేలా. మాస్టారి తల గోడ వెనక్కి దిగిపోయింది.

గీకడమయ్యాక దాన్ని ఒక్కడే లోపలికి లాగి, పాత మూలలోనే పెట్టాడు. బయటికి తీసుకెళ్ళిన రోజు ఇంత కష్టం అనిపించలేదు. అప్పుడు కోపం ఉంది, కోపానికి చక్రాలుంటాయి. ఈ మూల నుంచి గుమ్మం దాకా గోనెపట్టా మీద లాగుతుంటే, అత్తగారు లేచి వచ్చి, ఒక చేత్తో శాలువా పట్టుకుని ఇంకో చేత్తో తలుపు రెక్క మూసుకోకుండా ఆపి నిలబడింది. "జాగ్రత్త బాబూ, నడుం పట్టేస్తుంది," అంది. ఆవిడ అలా అన్నాకే పట్టేసింది. ఆవిడ నోట ఏ మాట వచ్చినా అది అంటుకునేది. రెండు నెలలుండి వెళ్తానని వచ్చింది, అల్లుడింట్లో ఎక్కువ రోజులుంటే బాగుండదని తనే నాలుగుసార్లు అంది, అలా అనడం ఎందుకో, ఎవరైనా కాదనాలనే కదా. చెడ్డ మనిషని అనలేం. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే ఒక మాట అనేసి ఊరుకునేవాడు. పొయ్యి దగ్గర కుర్చీ అతనిది. పొద్దుట నుంచి నిచ్చెన మీద నిలబడి, కొంకర్లు పోయిన వేళ్ళతో, ఎవడి దుకాణం పేరో ఎవడి ఆసుపత్రి పేరో రాసి ఇంటికొచ్చేసరికి ఆ కుర్చీలో ఆవిడ ఉండేది. చూడగానే లేవబోయేది. కూర్చోండి అత్తయ్యా, అనేవాడు. ఆవిడ కూర్చునేది. నిజంగానే కూర్చునేది. ఆ మాట అన్నవాడు వెళ్ళి కిటికీ పక్క బల్ల మీద కూర్చుని, వెచ్చదనం తనదాకా రాకముందే ఆవిడ ఒళ్ళో ఆగిపోవడం చూస్తూ టీ తాగేవాడు.

పైగా నవ్వులు. అతని భార్య దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే మనిషి, రోజంతా తల వంచుకునే ఉంటుంది, ఇంట్లోనూ తల వంచుకునే ఉండేది, పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆమె పళ్ళు ఎన్నో అతనికి తెలీదు. తల్లి వచ్చాక తెలిశాయి. వీధి మలుపు దాకా వినిపించేవి ఆ నవ్వులు, అతను చెప్పులు విడిచే చప్పుడుకు ఆగిపోయేవి. దేనికి నవ్వారని అడిగితే, ఏం లేదండీ, ఊరికే, అనేది. ఊరికే ఎవరైనా నవ్వుతారా? ఒక రోజు మాత్రం దాచుకోలేదు. ఆ రోజు బట్టల దుకాణం బోర్డు పూర్తిచేశాడు, ఇరవై అడుగుల బోర్డు, జీవితంలో అంత పెద్దది రాయలేదు, ఇద్దర్నీ తీసుకెళ్ళి ఎదురు పేవ్‌మెంటు మీద నిలబెట్టి చూపించాడు. అత్తగారు కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "చాలా బాగుంది బాబూ. ఆ మూడో అక్షరం ఒక్కటీ కాస్త వాలినట్టుంది, ఎండకు నిద్రొచ్చిందేమో," అంది. భార్య నవ్వింది. వీధిలో, పది మంది నడుస్తుండగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే అతను ఆ అక్షరం వంక చూడడు. వాలిన మాట నిజం.

మర్నాడే గొట్టంలో కన్నం కనిపించింది. తను చేసిన కన్నం కాదు, ఈ విషయంలో ఎవరి ముందైనా ప్రమాణం చేస్తాడు. శనగగింజంత ఉంది, ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది, సన్నగా పొగ దారం లాగుతోంది. ఇలాంటివాటికి పూసే నల్లటి ముద్ద డబ్బాతో సహా రేకుల కొట్టంలో ఉంది, వేలితో అద్దితే పది నిమిషాల పని. కానీ పొగ చాలా చెడ్డది, నిద్రలో ప్రాణం తీస్తుంది, పేపర్లలో రావడం లేదూ, పెద్దావిడ ఉన్న ఇంట్లో అలాంటిదానితో ఆటలా? మొత్తం తీసేసి వెల్డరు దగ్గరికి పంపాలి, అన్నాడు. పెద్దావిడ క్షేమం కోసమే, అన్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. వెల్డరు ఊళ్ళో లేడు, అన్నాడు ఆ సాయంత్రం. ఇంకా రాలేదు, అన్నాడు ఆ వారమంతా. వెల్డరు రోజూ పొద్దున్నే టీ కొట్టు దగ్గర అతని పక్కనే కూర్చునేవాడు.

భార్యకు తొమ్మిదో రోజున తెలిసిపోయింది. దర్జీ దుకాణం ముందు నుంచే వెళ్ళాడు వెల్డరు, సైకిలు మీద, ఆమె పలకరించింది, మాకెవరూ ఏ పొయ్యీ తేలేదమ్మా అన్నాడు. ఆమె ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం వడ్డిస్తూ, "వెల్డరు వచ్చాడా?" అంది. ఇంకా లేదు, అన్నాడు. "అలాగా," అంది. ఆ అలాగాలో అంతా ఉంది. అప్పుడైనా అతను లేచి వెళ్ళి దాన్ని లోపలికి తెచ్చేవాడే, ఒక్క మాట, ఏమండీ అమ్మకు చలేస్తోంది, మీ కాళ్ళు పట్టుకుంటాను, అన్న ధోరణిలో ఒక్క మాట చాలు. కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, ఆ ధోరణి చాలు. దాని కోసమే కాచుకుని కూర్చున్నాడు. రోజూ సాయంత్రం నిచ్చెన దిగుతుంటే, ఈ రోజు అడుగుతుంది, అనుకునేవాడు, ఇంటికి నడుస్తూ ఆ దృశ్యం ఊహించుకునేవాడు. ఆమె అడుగుతుంది, తను కాసేపు మాట్లాడడు, తర్వాత పెద్దమనిషిలా లేచి వెళ్తాడు. ఒకసారి అడిగింది కూడా. కానీ ఎలా? గుమ్మంలో నిలబడి, "ఆ పొయ్యి లోపల పెట్టండి," అంది. కూలివాడికి చెప్పినట్టు. వెల్డరు రానీ, అన్నాడు. అంతే, మళ్ళీ అడగలేదు. రెండు దుప్పట్లు, తన కోటు, కిటికీ తెర కూడా విప్పి తల్లికి కప్పింది. తమ్ముడికి ఫోను చేస్తే, వాడు వ్యానులో సరుకు వేసుకుని దూరప్రయాణంలో ఉన్నాడు, పై నెల వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ పై నెల రాలేదు.

అత్తగారు మాత్రం కుర్చీ మార్చలేదు. పొయ్యి లేని మూలకు ఎదురుగానే కూర్చునేది. అలవాటు చొప్పున మధ్య మధ్య రెండు చేతులూ ముందుకు చాచేది, అరచేతులు వెచ్చబెట్టుకోవడానికి, చాచాక గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుని మళ్ళీ శాలువాలోకి లాక్కునేది. అది చూస్తే నవ్వు రాకుండా ఎవరుంటారు? టీ కొట్టు దగ్గర అతను చేసి చూపించాడు, చేతులు చాచడం, నాలిక కరుచుకోవడం, లాక్కోవడం. అందరూ పగలబడి నవ్వారు. వెల్డరు ఒక్కడు గ్లాసు బల్ల మీద పెట్టేసి, టీ సగం ఉండగానే, లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నుంచి వాడు వేరే కొట్టుకు వెళ్తున్నాడు. వెళ్ళనీ. అంత సుకుమారమైతే ఇనుముతో పనెందుకు.

పొయ్యి తీసిన నలభై ఒకటో రోజున అత్తగారు పోయింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నాడు డాక్టరు. కారణం ఏమిటి డాక్టరుగారూ, అని అందరి ముందూ అడిగింది అతనే, భార్య కాదు, ఆ ధైర్యం అతనికుంది. వయసు, అన్నాడు డాక్టరు సంచి సర్దుకుంటూ, వయసండీ, ఇంకేముంటుంది. చదువుకున్నవాడి మాట. ఆ మాటను అతను మనసులో ఒక బోర్డులా రాసి పెట్టుకున్నాడు, పెద్ద అక్షరాలతో, అంచులు గీసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు. వచ్చినవాళ్ళు గదినిండా నిలబడి చేతులు రుద్దుకుంటుంటే ఎవరో, ఇంత చలిలో పొయ్యి వెలిగించలేదేం, అన్నారు. గొట్టం పాడైంది, వెల్డరు ఊళ్ళో లేడు, అన్నాడు. ఆ గుంపులో వెల్డరు ఉన్నాడు. తల దించుకుని ఉన్నాడు. భార్య గోడ వంక చూస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సింది ఉంటే అనేవాళ్ళు కదా.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె వండింది, వడ్డించింది, కాజాలు కుట్టింది. పొయ్యి ఊసెత్తలేదు. గొడవ పడితే బాగుండేది. ఒకటి రెండుసార్లు తనే కదిలించాడు, మీ అమ్మ ఉంటే ఇలా అనేది కదా, అని, పుండు పచ్చిగా ఉందో లేదో గోటితో చూసినట్టు. ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళేది. ఒక పొద్దున ఒక్క సంచితో వెళ్ళిపోయింది. చీటీ కూడా రాయలేదు, అక్షరాలు రాసేవాడి ఇంట్లో.

నాలుగుకు పది నిమిషాలు. పెయింటరు లేచి పొయ్యి చుట్టూ తిరిగాడు. బాగా వచ్చింది, ఒప్పుకోవాలి. నిగనిగలాడని నలుపు, బొగ్గులాంటి నలుపు, చారలు లేవు, కారిన బొట్లు లేవు, కీళ్ళ సందుల్లోకి కూడా సన్న బ్రష్షుతో ఎక్కించాడు. తలుపు గడియకు వెండిరంగు. రంగు ఆరడం సగమే, ఇది అగ్గిలో పడితే గానీ గట్టిపడదని డబ్బా మీద ఉంది. మొదటి మంట చిన్నది, రెండోది మధ్యరకం, మూడోది పెద్దది, మొదటిదానికి వాసనా పొగా వస్తాయి, కిటికీలు తెరవాలి, వృద్ధులను గదిలో ఉంచరాదు. ఆ వాక్యం దగ్గర అతని కళ్ళు ఒక్క క్షణం ఆగి ముందుకెళ్ళాయి. మొదటి మంట ఆమె చేతే వెలిగింపించాలి. ఆమె ముందు కాసేపు ముభావంగా ఉంటుంది. తను ఏమీ అనకూడదు. పొయ్యిని చూడనివ్వాలి. చూశాక అడుగుతుంది, మీరే వేశారా, అని. ఆ, అనాలి, అంతే, గొప్పలు పోకూడదు. కుర్చీ ఆమెకే ఇచ్చేస్తాడు. ఆ మాట అనుకోగానే అతనికి తన మంచితనం మీద తనకే ముచ్చటేసింది.

సరిగ్గా నాలుగింటికి బావమరిది సామాన్ల వ్యాను గుమ్మం ముందు ఆగింది. వ్యాను ఎందుకో, ఒక్క సంచితో వెళ్ళిన మనిషి ఏడు నెలల్లో ఎన్ని సామాన్లు కూడబెట్టిందో అనుకుంటూ పెయింటరు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ముందు ఆమె దిగింది. డ్రైవరు సీటు లోంచి బావమరిది దిగి వెనక తలుపు తీస్తే ఒక బలమైన మనిషి దిగాడు, ఇద్దరి భుజాల మీదా తాళ్ళు. వ్యాను లోపల ఖాళీగా ఉంది, నేల మీద ఒక పాత పరుపు తప్ప.

ఆమె లోపలికి వచ్చింది. కొంచెం చిక్కింది, తల మాత్రం వంచుకుని లేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఒక వేలు దాని పక్కకు ఆనించి చూసుకుంది. వేలికి నలుపు అంటింది.

"పచ్చిగా ఉంది," అంది.

"వేలు పెట్టేశావు, మచ్చ పడింది," అన్నాడు పెయింటరు. ఏడు నెలల తర్వాత భార్యతో అతను అన్న మొదటి మాట అది. అనేశాక ఇంకోటి అందామనుకున్నాడు గానీ ఆమె అప్పటికే గుమ్మం వైపు తిరిగి, "రండిరా, ఇదే," అంటోంది.

"ఏమిటిది?"

"దర్జీ దుకాణం మీద గది తీసుకున్నాను. చలిగా ఉంటోంది. పొయ్యి తీసుకెళ్తాను."

"నా పొయ్యి," అన్నాడు.

"మీకు అక్కర్లేదనేగా బయట పెట్టారు," అంది. కోపంగా అనలేదు. దుకాణంలో ఈ గుండీ సరిపోదండీ అన్నట్టు అంది.

బావమరిది అతని ముఖంలోకి చూడకుండా తాళ్ళు పొయ్యి కింద నుంచి దూర్చాడు. ఆపొచ్చు. అడ్డంగా నిలబడొచ్చు. పక్కింటి మాస్టారు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, ఎదురింటి వాళ్ళూ వచ్చారు, పొద్దున తను గట్టిగా అన్న మాట అందరూ విని ఉన్నారు. ఇప్పుడు అరిస్తే ఏమవుతుంది? పొయ్యి దగ్గర మొదలైన మాట ఎక్కడిదాకా వెళ్తుంది? ఆలోచన అక్కడిదాకా వెళ్ళి, వేడి తగిలినట్టు వెనక్కొచ్చింది. ఆ బలమైన మనిషి గడియ తలుపు పట్టి ఎత్తబోతుంటే పెయింటరు నోటి నుంచి దానంతటదే వచ్చింది, "తలుపు పట్టకు, కీళ్ళు ఊడతాయి. కాళ్ళు పట్టుకో." తనూ వంగి ఒక కాలు పట్టుకున్నాడు. ముగ్గురూ మోశారు. గుమ్మం దాటేటప్పుడు మూల తగలకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టాడు, చెయ్యి నలిగింది. రంగు అతని చొక్కాకూ, గడ్డానికీ అంటింది. పరుపు మీద పెట్టి, తాళ్ళు బిగించాక, అతనికి ఇంకేదో చెప్పాలని ఉంది, తన దగ్గర ఆమెకు అవసరమైనది ఇంకా ఏదో మిగిలి ఉందని.

"మొదటి మంట చిన్నది పెట్టు. వాసనొస్తుంది. కిటికీలు తెరువు."

"అలాగే," అంది ఆమె. వ్యాను ముందు సీటులో ఎక్కి కూర్చుంది. తలుపు మూయబోయి ఆగింది. అతని వంక చూసింది, ఏదో తూచుకుంటున్నట్టు.

"మీకొకటి చెప్పలేదు," అంది. "అమ్మకు చివరిదాకా తెలీదు. మీరు నిజంగానే బాగుచేయిస్తున్నారనుకుంది. పోయే రెండు రోజుల ముందు కూడా అంది, పాపం అల్లుడు నా కోసం ఎన్ని తిప్పలు పడుతున్నాడో, ఆ వెల్డరు కోసం రోజూ తిరుగుతున్నాడు, అతని మనసు వెన్న, అని. నేను కాదనలేదు. అది నా తప్పు. చెబితే ఆ చలిలో ఆ నమ్మకం కూడా ఉండేది కాదు ఆవిడకి."

తలుపు మూసుకుంది. పెయింటరు నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఏదో వచ్చి తగలాలి, తగులుతుందని అతని ఒళ్ళంతా బిగుసుకుని ఎదురుచూసింది. కానీ ముందు వచ్చింది అది కాదు. ముందు వచ్చింది సంతోషం. మనసు వెన్న, అందట. అతను ఇన్ని బోర్డులు రాసినా, ఈ ఊళ్ళో ఏ నోటా, ఏ ఒక్క నోటా, అతని గురించి అలాంటి మాట రాలేదు. గుండెల్లో వెచ్చగా ఏదో పాకింది. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో తెలిసి కూడా దాన్ని ఆపుకోలేకపోయాడు. ఇంజను మొదలైంది. బావమరిది గేరు వేశాడు. పెయింటరు ఒక అడుగు వేశాడు, తర్వాత రెండు, తర్వాత నల్లటి చేతులతో వ్యాను కిటికీ అంచు పట్టుకుని దానితో పాటు పరిగెత్తసాగాడు, మాస్టారు చూస్తుండగా, వీధంతా చూస్తుండగా.

"ఇంకేమంది?" అన్నాడు. "నా గురించి ఇంకేమంది?"

ఆమె అద్దం పైకి తిప్పుకుంది.